మోటారు మూలిగితే

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కాలవ నీరు అందని చోట మిరపకూ పత్తికీ బోరే దిక్కు.

కరెంటు వచ్చింది. పచ్చ బటన్ నొక్కారు. మోటారు తిరగలేదు. గుయ్‌మని మూలుగుతోంది. అప్పుడేం చెయ్యాలి? వెంటనే ఎర్ర బటన్ నొక్కి ఆపెయ్యాలి.

పొలం మోటారుకు మూడు ఫేజులు కావాలి. మిరప టిక్కీని ముగ్గురు ఎత్తుతున్నారనుకోండి. ఒకరు చెయ్యి వదిలేస్తే మిగతా ఇద్దరి నడుములు పడిపోతాయి. ఒక ఫేజు పోయినా అంతే. బరువంతా రెండింటి మీదే పడుతుంది. లోపలి రాగి చుట్టలు వేడెక్కి కాలిపోతాయి. రైతులకు ఉచిత కరెంటు 2004లో మొదలైంది. కాలిన మోటారు చుట్టించడం మాత్రం ఉచితం కాదు!

స్టార్టరు దానంతటదే పడిపోతోందా? అది మోటారును కాపాడుతోంది. బటన్‌కు పుల్ల బిగించి నడపకూడదు. ఫ్యూజులో లావు తీగ చుట్టకూడదు.

ఇంటి కరెంటు 230 వోల్టులు. పొలంలో ఫేజుకూ ఫేజుకూ మధ్య 400 వోల్టులు ఉంటుంది. తడి చేతులతో, వట్టి కాళ్లతో స్టార్టరు పెట్టె ముట్టుకోకూడదు. పెట్టె జివ్వుమంటే ఎర్తు సరిగా లేదన్నమాట. బాగుచేయించే దాకా మోటారు వెయ్యకూడదు.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోతే ఇంట్లో మగవాళ్లు "క్షణం పని, నేనే వేస్తా" అంటారు. వెళ్లనివ్వకండి. ఆ క్షణంలోనే ప్రాణాలు పోతాయి. లైన్‌మన్‌ను పిలవండి. 1912 నంబరుకు ఫోను చేసినా సరే.