మొబైల్ నంబర్ పోర్టబిలిటీ

మొబైల్ నంబర్ పోర్టబిలిటీ అనగా చందాదారు తన పది అంకెల ఫోను నంబరును మార్చుకోకుండానే ఒక మొబైల్ సేవాసంస్థ నుండి మరొక సంస్థకు మారే సౌకర్యం. వాడుకలో దీనిని "పోర్టింగు", "పోర్టు పెట్టడం" అని అంటారు. భారతదేశంలో ఈ సౌకర్యాన్ని భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) 2009లో జారీచేసిన నిబంధనల ప్రకారం నిర్వహిస్తున్నారు.

నేపథ్యం

పోర్టబిలిటీ రాకముందు నంబరు చందాదారు చేతిలో ఉన్నా, ఆచరణలో అది సంస్థ సొత్తుగానే ఉండేది. సిగ్నలు అందకపోయినా, బిల్లు ఎక్కువ వచ్చినా మనిషి అదే సంస్థను పట్టుకొని ఉండేవాడు. ఎందుకంటే ఆ నంబరు బంధువులందరి దగ్గరా ఉండేది, శుభలేఖల మీద అచ్చయ్యేది, దుకాణం బోర్డు మీద రంగుతో వ్రాసి ఉండేది. నంబరు మార్చడమంటే ఒక విధంగా చిరునామా పోగొట్టుకోవడమే. తరువాతి కాలంలో బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాస్ బుకింగు వంటివన్నీ నంబరుతో ముడిపడటంతో ఈ ఇబ్బంది మరింత పెరిగింది.

సింగపూరులో 1997లోనే ఈ సౌకర్యం ఒక రూపంలో మొదలైంది. భారతదేశంలో 2010 నవంబరు 25న హర్యానాలోను, 2011 జనవరి 20న దేశమంతటా ప్రారంభమైంది. మొదట్లో ఒకే సర్కిలు లోపల మాత్రమే మారడానికి వీలుండేది. హైదరాబాదు నుండి బెంగుళూరుకో చెన్నైకో వెళ్ళి స్థిరపడినవారు పాత నంబరును అక్కడి సర్కిలుకు మార్చుకోలేకపోయేవారు. 2015 జూలై 3 నుండి దేశంలో ఏ సర్కిలుకైనా మారవచ్చు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పటికీ ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రెండూ టెలికాం లైసెన్సుల పరంగా ఒకే సర్కిలుగా కొనసాగుతున్నాయి. కనుక విజయవాడ, హైదరాబాదుల మధ్య నివాసం మారినవారికి ఈ చిక్కు ఎన్నడూ లేదు.

పనిచేసే తీరు

ఒకప్పుడు నంబరులోని తొలి అంకెలను బట్టి కాల్ ఏ సంస్థకు వెళ్ళాలో తెలిసేది. ఉదాహరణకు 9440తో మొదలైతే అది బి.ఎస్.ఎన్.ఎల్. నంబరని మన రాష్ట్రంలో అందరూ గుర్తుపట్టేవారు. పోర్టబిలిటీ వచ్చాక ఆ గుర్తు నమ్మదగినది కాదు. ఇప్పుడు కాల్ చేసినవారి సంస్థ ముందుగా ఒక డేటాబేసులో ఆ నంబరు ప్రస్తుతం ఎవరి వద్ద ఉన్నదో చూసి, ఆ సంస్థకు చెందిన రూటింగ్ సంఖ్యను జోడించి కాల్‌ను పంపుతుంది. ఈ పని క్షణంలో జరిగిపోతుంది కనుక మాట్లాడేవారికి తెలియదు.

మారదలచినవారు తమ ఫోను నుండి 1900 నంబరుకు ఇంగ్లీషులో "పోర్ట్" అనే పదం, ఒక ఖాళీ, ఆ తరువాత తమ పది అంకెల నంబరు వ్రాసి సందేశం పంపాలి. అర్హత ఉంటే ఎనిమిది అక్షరాలు, అంకెలు కలిసిన పోర్టింగు కోడ్ వస్తుంది. ఇది 4 రోజులు చెల్లుతుంది. జమ్ము కాశ్మీరు, అస్సాం, ఈశాన్య సర్కిళ్ళలో 30 రోజులు. ఈ కోడ్‌తో, గుర్తింపు పత్రాలతో కొత్త సంస్థ దుకాణానికి వెళ్ళి దరఖాస్తు చేయాలి. 2019 డిసెంబరు 16 నుండి అమలులోకి వచ్చిన మార్పుల ప్రకారం సర్కిలు లోపల 3 పనిదినాలలో, వేరే సర్కిలుకైతే 5 పనిదినాలలో నంబరు మారాలి. మారే రోజు కొద్దిసేపు ఫోను పనిచేయదు. పాత సిమ్ మూగబోయిన తరువాత కొత్తది వేసుకోవాలి.

ప్రస్తుత సంస్థలో కనీసం 90 రోజులు పూర్తికాకపోయినా, పోస్టుపెయిడ్ బిల్లు బాకీ ఉన్నా, నంబరు పేరు మార్పిడి నడుస్తున్నా, కోర్టు వివాదంలో ఉన్నా కోడ్ రాదు. 2024 జూలై 1 నుండి, సిమ్ పోయిందనో పాడైందనో కొత్తది తీసుకున్నవారికి 7 రోజుల వరకు కోడ్ ఇవ్వరు. ఇతరుల పేరిట మోసంతో సిమ్ సంపాదించి, నంబరును వేరే సంస్థకు తరలించి, బ్యాంకు ఓటీపీలు కాజేయడాన్ని ఆపడానికి ఈ నియమం పెట్టారు. పోర్టింగు కోడ్‌ను కూడా ఓటీపీ వలెనే ఎవరికీ చెప్పకూడదు.

కొన్ని చౌక రీఛార్జులలో సందేశాలు పంపే సౌకర్యం ఉండేది కాదు. దానితో సంస్థను వదలాలనుకున్న పేద చందాదారుకు 1900కు సందేశం పంపే దారే లేకపోయింది. ఎంత తక్కువ రీఛార్జు చేసినవారికైనా ఈ సందేశం పంపే వీలు కల్పించాలని ట్రాయ్ 2021 డిసెంబరులో ఆదేశించింది. చూడటానికి చిన్నదైనా, ఈ ఆదేశం లేకపోతే చౌక రీఛార్జు వారికి హక్కు కాగితం మీదనే మిగిలేది.

మారేముందు చూడవలసినవి

చాలామంది ధర ఒక్కటే చూసి మారతారు. 2024 జూలైలో ప్రైవేటు సంస్థలు మూడూ ధరలు పెంచినప్పుడు అనేకులు బి.ఎస్.ఎన్.ఎల్.కు మారారు. అప్పటికి ఆ సంస్థ 4జీ సేవ ఇంకా దేశమంతటా విస్తరించలేదు. కాబట్టి వేగవంతమైన ఇంటర్నెట్ కావలసినవారికి, కేవలం మాట్లాడుకునేవారికి ఈ మార్పు ఫలితం ఒకే విధంగా లేదు.

సిగ్నలు ఊరిని బట్టే కాక ఇంటిని బట్టి కూడా మారుతుంది. 700, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు గోడలను దాటి దూరం వెళ్తాయి. 2300 మెగాహెర్ట్జ్ తరంగాలకు ఆ శక్తి తక్కువ. అందువలన వీధిలో బాగా అందే సంస్థ వంటింట్లో అందకపోవచ్చు. ఏజెన్సీ గ్రామాలలో ఒకే సంస్థ టవరు ఉండటం కద్దు, అక్కడ ఈ సౌకర్యం వలన ఒరిగేది తక్కువ. సేవ అందే ప్రాంతాల పటాలను సంస్థలు తమ వెబ్‌సైట్లలో ఉంచాలని 2024 నాటి నాణ్యతా నిబంధనలు చెబుతున్నాయి గాని, పటం కన్నా పరీక్ష మేలు. రెండు సిమ్‌ల ఫోను ఉన్నవారు కొత్త సంస్థ సిమ్ ఒకటి విడిగా తీసుకొని, ఒక నెల ఇంట్లోను పనిచేసే చోటను వాడి చూడవచ్చు. మారిన తరువాత 90 రోజుల వరకు వెనక్కి రావడానికి వీలుండదు కనుక ఆ నెల ఖర్చు వృథా కాదు.

ప్రీపెయిడ్‌లో మిగిలిన సొమ్ము, గడువు కొత్త సంస్థకు బదిలీ కావు. ఏడాది రీఛార్జు చేయించి నాలుగు నెలలకే మారితే మిగతా ఎనిమిది నెలలూ పోయినట్లే. రీఛార్జు ముగిసే ముందు మారడం లాభమే గాని, పూర్తిగా ముగిసి నంబరు ఆగిపోయేదాకా ఆగితే కోడ్ తెచ్చుకోవడమే కష్టమవుతుంది. పోస్టుపెయిడ్‌లో పాత సంస్థ చివరి బిల్లు చెల్లించకపోతే, మారిన తరువాత కూడా నంబరును నిలిపివేసే అధికారం నిబంధనలలో ఉంది.

సేవలు నిలిచిపోయినప్పుడు

2017 చివరలో రిలయన్స్ కమ్యూనికేషన్స్ తన మొబైల్ కాల్ సేవలను ఆపివేసింది. 2018 ఫిబ్రవరిలో ఎయిర్‌సెల్ దివాలా ప్రక్రియకు దరఖాస్తు చేసింది. ఈ సంస్థల చందాదారులకు పోర్టింగు అనేది లాభనష్టాల ఎంపికగా మిగలలేదు. గడువులోగా మారినవారికి నంబరు దక్కింది, సిగ్నలు పోయిన చోట 1900కు సందేశం పంపడం కూడా సమస్యగా మారింది. ఎయిర్‌సెల్ చందాదారులకు కోడ్‌లు అందేలా చూడాలని ట్రాయ్ అప్పట్లో ఆదేశాలు ఇవ్వవలసి వచ్చింది.