ఆరిన తోడు - వెలుగు తార

వివాహవేళ పురోహితుడు నూతన దంపతులకు అరుంధతిని జూపుట మనమెల్లర మెరిగినదే. ఆ అరుంధతి ప్రక్కనున్న వసిష్ఠతారను 17వ శతాబ్దమున ఐరోపావారు దూరదర్శినితో జూడగా, అదియే రెండు చుక్కలుగా గన్పట్టెను. ఇట్లు ఒండొంటి చుట్టు దిరుగు జంటతారలు మింట ననేకములు గలవు. అట్టి జంటలో నొకటి ముందుగా వృద్ధత్వము నొంది చల్లారినచో రెండవదాని గతి యేమి? దీనిని దెలిసికొనుటకు లుబ్ధకుని కథ మిక్కిలి తగియున్నది.

మాఘమాసపు రాత్రులందు భోజనములు ముగించి పెరటిలోనికి వచ్చి దక్షిణదిక్కున జూడుడు. మృగశిర చెంత వరుసగా నున్న మూడు చుక్కలకు దిగువను, ఎడమవైపున, తెల్లని తార యొకటి ధగధగ మెరయుచుండును. రాత్రివేళ గానవచ్చు నక్షత్రములలో నింత కాంతిగలది వేరొండు లేదు. అదియే లుబ్ధకుడు, ఐరోపావారు సిరియస్ అందురు. దాని వెలుగు మనలను జేరుటకు సుమారు 8.6 సంవత్సరములు పట్టును.

ఈ తార తిన్నగా సాగక యిటునటు నూగుచు నడచుచున్నదనియు, కానరాని తోడొకటి దానిని లాగుచున్నదనియు 1844లో బెస్సెల్ అను జర్మను పండితుడు తెలిపెను. 1862 జనవరి 31వ తేదీన అమెరికాలో ఆల్వన్ గ్రాహం క్లార్క్ క్రొత్త దూరదర్శిని కటకమును పరీక్షించుచు ఆ తోడును గన్నులార గాంచెను. ఈ రెండును సుమారు 50 ఏండ్ల కొకమారు ఒండొంటిని జుట్టివచ్చును.

ఆ తోడుచుక్క బరువున సూర్యునంతటిది. పరిమాణమున మన భూమికంటె నించుక చిన్నది! అందలి పదార్థము చెంచాడు తూచినను కొన్ని టన్నులుండును. దానిలో నింధన మేమియు లేదు. నివురుగప్పిన నిప్పువలె మిగిలిన వేడిమితోడనే వెలుగుచున్నది. ఇట్టిదానిని శ్వేతకుబ్జతార యందురు.

ఇచ్చట నొక సందేహము. ఇవి రెండును ఒకేకాలమున బుట్టిన కవలలు. బరువైన తారలే త్వరగా నశించునని శాస్త్రము చెప్పుచున్నది. అట్లయిన సూర్యునికి రెండింతల బరువుగల లుబ్ధకుడు యౌవనమున నుండగా, అందులో సగమున్న తోడు ముందేల చల్లారెను?

మన యింటి దీపములే దీనికి సమాధానము. ఒక ప్రమిదలో గొంచెము నూనె, సన్నని వత్తి. వేరొకదానిలో రెండింతల నూనె, పదింతల లావు వత్తి నుంచి సంజవేళ నొక్కసారిగా వెలిగింపుడు. నూనె యెక్కువగలదే ముందారును. నేటి చిన్నచుక్క పుట్టినప్పుడు సూర్యునికి సుమారు 5 రెట్లు బరువుండెను. తన హైడ్రోజనును త్వరత్వరగా హీలియముగా మార్చి వ్యయపరచి, సుమారు 12 కోట్ల సంవత్సరముల క్రిందట ఉబ్బి అరుణమహాతారయై, పైపొరలను మింట వెదజల్లి, నడిమి ముద్దను మాత్రము మిగుల్చుకొనెను. అనగా నేటి చిన్నదియే నాటి పెద్దది!

లుబ్ధకుని జంట యెడముగా నున్నది. మిక్కిలి చేరువనున్న జంటలలో నైతే, ఉబ్బిన తారనుండి వాయువు శ్వేతకుబ్జతారపై బడి పేరుకొని, యొక్కపెట్టున భగ్గుమనును. ఉత్తరకిరీట మండలమునందలి మసకచుక్క యొకటి యిట్లే 1866లోను, 1946లోను కొలదిదినములు కంటికి గానవచ్చి మరల మాసిపోయెను.

శ్వేతకుబ్జతార బరువున కొక హద్దు గలదని 1930లో సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ ఇంగ్లండునకు నోడపై బోవుచు, పందొమ్మిదేండ్ల ప్రాయమున లెక్కగట్టెను. ఆ హద్దు సూర్యుని బరువునకు సుమారు 1.4 రెట్లు. 1983లో ఆయనకు నోబెల్ బహుమాన మొసగబడెను. ఆ హద్దును సమీపించిన శ్వేతకుబ్జతారలు కొన్ని పూర్తిగా బ్రద్దలై, తమలో నేర్పడిన యినుమును విశ్వమున జల్లును. మన పొయ్యిపై బెట్టు పెనమునందును, మన నెత్తురునందును గల యినుమున పెద్దభాగ మట్టి ప్రేలుళ్లలో బుట్టినదే.

కావున సోదరీమణులారా, బిడ్డలకు లుబ్ధకుని జూపునపుడు, కంటికి గానరాని యాతని తోడును గూడ దలచి చెప్పుడు.