ట్రాక్టరు ఎయిర్ ఫిల్టరు: కంపెనీదా, బయటిదా?

వేసవి దుక్కులైనా, నూర్పిళ్లయినా ట్రాక్టరు తిరిగేది దుమ్ములోనే. ఆ దుమ్ము ఇంజనులోకి పోకుండా ఆపేది ఎయిర్ ఫిల్టరు ఒక్కటే. లీటరు డీజిలు మండాలంటే ఇంజను సుమారు 10 వేల లీటర్ల గాలి పీల్చాలి. దాంతోపాటు లోపలికి పోయే సన్నని ఇసుక ఆకురాయిలా పనిచేస్తుంది. లైనరు, పిస్టను రింగులు అరిగిపోతాయి. ఇంజను ఆయిలు తాగుతుంది, నీలిపొగ వదులుతుంది. చివరికి ఇంజను విప్పించాల్సి వస్తుంది. చిన్న రైతుకు ఈ ఖర్చు మామూలు దెబ్బ కాదు.

గాలి పెరిగితే బలం పెరుగుతుందా?

కంపెనీ ఫిల్టరు తీసేసి ఓపెన్ ఫిల్టరు వేస్తే బండి బాగా లాగుతుందని కొందరు చెబుతుంటారు. నమ్మి డబ్బు పెట్టవద్దు. డీజిలు ఇంజను బలం పంపు వదిలే డీజిలును బట్టి ఉంటుంది. దానికి సరిపడా గాలి శుభ్రంగా ఉన్న కంపెనీ ఫిల్టరు గుండానే అందుతుంది. ఓపెన్ ఫిల్టరుతో పెరిగేది శబ్దమే. బండి లాగక నల్లపొగ వస్తుంటే ముందు ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడండి. ఫిల్టరు లేకుండా మాత్రం ఒక్క గంట కూడా నడపరాదు.

ఆయిల్ బాత్ రకమైతే

ఇందులో మార్చాల్సిన కాగితం ఉండదు. గిన్నెలో ఆయిలు గీత వరకు ఉండాలి. తగ్గితే దుమ్ము ఆగదు. గీత దాటితే ఇంజను ఆ ఆయిలును లాక్కుంటుంది, అదుపు తప్పి రేజయ్యే ప్రమాదమూ ఉంది. దుమ్ము పనులప్పుడు రోజూ చూసుకోవాలి. ఆయిలు చిక్కబడినా, అడుగున మట్టి పేరుకున్నా గిన్నె కడిగి కొత్త ఆయిలు పోయాలి.

కాగితం రకమైతే

గ్యారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీదే వేసి, బిల్లు దాచుకోవడం మేలు. తర్వాత బయటిది కొన్నా తప్పు లేదు, కానీ చూసి కొనాలి. పాత ఫిల్టరును దుకాణానికి తీసుకెళ్లండి. పొడవు, వెడల్పు, రంధ్రం సైజు కచ్చితంగా కలవాలి. అంచు రబ్బరు మెత్తగా ఉండి, నొక్కి వదిలితే మళ్లీ పైకి లేవాలి. లోపల టార్చి పెట్టి చూస్తే ఎక్కడా సూది బెజ్జమంత వెలుగు కూడా సూటిగా రాకూడదు. కాగితం మడతలు ఊడినవి, వంకరపోయినవి వద్దు.

ఈ ఫిల్టరును నేలకేసి కొట్టడం, డీజిలుతో కడగడం చేయరాదు. తక్కువ ఒత్తిడి గాలితో లోపలి నుంచి బయటికి ఊదాలి. లోపల రెండో చిన్న ఫిల్టరు ఉంటే దాన్ని శుభ్రం చేయకుండా మార్చేయాలి.

ఇలా పరీక్షించండి

కొత్త ఫిల్టరుతో ఒకటి రెండు రోజులు పనిచేశాక, ఇంజను ఆపి, ఫిల్టరుకూ ఇంజనుకూ మధ్య ఉన్న గొట్టం విప్పి లోపల తెల్లగుడ్డతో తుడవండి. మట్టి అంటితే ఫిల్టరు సరిగా కూర్చోలేదన్నమాట, లేదా గొట్టం పగిలింది, క్లిప్పు వదులైంది. సరిచేశాకే మళ్లీ స్టార్టు చేయాలి.