అమ్మ కండరాలు ‘వద్దు’ అంటాయి!

ఏడో నెల... శ్రీమంతం. ఒడిలో పండ్లు, పళ్లెంలో చలిమిడి, సున్నుండలు. ‘ఇద్దరి తిండి తినాలమ్మా’ అంటూ పేరంటాళ్లు కొసరి కొసరి పెట్టే సమయం. సరిగ్గా ఆ రోజుల్లోనే గర్భిణి ఒంట్లో ఇన్సులిన్ మాట చెల్లుబాటు కావడం తగ్గిపోతుంది.

అలాగని అదేదో జబ్బనుకుంటే పొరపాటే. ప్రకృతి చేసిన ఏర్పాటది. మొదటి మూడు నెలల్లో పెద్ద తేడా ఉండదు. అప్పటికే టైప్-1 మధుమేహం ఉన్నవాళ్లలో కొందరికైతే ఆ రోజుల్లో ఇన్సులిన్ మోతాదు తగ్గించాల్సి వస్తుంది కూడా. అయిదో నెల దాటుతుంటే కథ మారుతుంది. బిడ్డతోపాటే పెరిగే మాయ... ప్లాసెంటల్ లాక్టోజెన్, గ్రోత్ హార్మోన్ లాంటివాటిని తల్లి రక్తంలోకి వదులుతుంది. కార్టిసాల్, ప్రొజెస్టెరాన్లు వాటికి తోడవుతాయి. దాంతో తల్లి కండరాలు ఇన్సులిన్‌కి ఒక పట్టాన లొంగవు. నెలలు నిండేసరికి దాని ప్రభావం దాదాపు సగానికి పడిపోతుంది. తల్లి ఒళ్లు కొవ్వుని ఎక్కువగా వాడుకుంటుంది, రక్తంలో మిగిలిన గ్లూకోజు బిడ్డకి అందుతుంది. తాను తగ్గించుకుని పిల్లలకు పెట్టే అమ్మ గుణం అప్పట్నుంచే మొదలన్నమాట!

ఈ లోటు పూడ్చడానికి క్లోమం రెండింతలకు పైగా ఇన్సులిన్ తయారుచేస్తుంది. చాలామందిలో అది సరిపోతుంది. సరిపోనివారిలోనే చక్కెర పెరిగి గర్భిణి మధుమేహం బయటపడుతుంది. చిక్కేమిటంటే, గ్లూకోజు మాయను దాటగలదు, తల్లి ఇన్సులిన్ దాటలేదు. అదనపు చక్కెరను సర్దుకోడానికి బిడ్డే సొంతంగా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుని లావెక్కుతుంది. ‘బొద్దుగా ఉన్నాడు’ అని మురిసిపోతాంగానీ, కాన్పు కష్టం కావచ్చు. పుట్టాక తల్లి నుంచి వచ్చే చక్కెర ఒక్కసారిగా ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే కొందరు పసికందుల్లో చక్కెర బాగా పడిపోతుంది.

మనదేశంలో పరీక్ష తేలికే. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 మిల్లీగ్రాములు, అంతకుమించి ఉంటే గర్భిణి మధుమేహమే. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడూ, మళ్లీ 24-28 వారాల మధ్యా చేయించుకోవాలి. మొదటిసారి బాగానే వచ్చిందని రెండోది మానేయకూడదు... అసలు మార్పు వచ్చేది అప్పుడే. బయటపడినా చాలామందికి తిండిలో మార్పులు, నడక సరిపోతాయి. లేదంటే మందులో, ఇన్సులినో.

కాన్పయి మాయ బయటికి రాగానే కండరాల మొండితనం త్వరగానే తగ్గిపోతుంది. అయితే ఇలాంటివారికి మున్ముందు టైప్-2 మధుమేహం వచ్చే ముప్పు మిగతావారికన్నా చాలా ఎక్కువ. అందుకే ఆరు వారాలకు మరో పరీక్ష రాస్తారు. పసిబిడ్డ పనుల్లో పడి చాలామంది తల్లులు మర్చిపోయేది దాన్నే.