చివరి వాళ్లు వచ్చేదాకా

ఏటా ఆగస్టులో ఒక ఆదివారం, ఇంకా తెల్లవారకముందే, హుస్సేన్ సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డు మీద హైదరాబాద్ మారథాన్ మొదలవుతుంది. పంజాగుట్ట, కేబీఆర్ పార్కు, జూబ్లీహిల్స్ మీదుగా సాగి, దుర్గం చెరువు కేబుల్ వంతెన దాటి, మా గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. ఫుల్ మారథాన్ వాళ్లు పరిగెత్తేది 42.195 కిలోమీటర్లు. ట్రాఫిక్ ఎటు మళ్లిస్తారో ముందురోజే పేపర్లో వస్తుంది. ఆ పొద్దున రోడ్డు పక్కకు వచ్చి నిలబడమని మాత్రం ఎవరూ చెప్పరు. నేను చెబుతున్నాను, రండి.

ఈ ఊళ్లో పరుగు చాలా కష్టం. ఫ్లైఓవర్ ఎక్కి దిగేసరికి ఇంకో చడావు ఎదురవుతుంది. వానాకాలపు ఉక్కలో ఒంటి మీది చెమట ఆరదు. ముప్ఫై కిలోమీటర్లు దాటేసరికి కండరాలు దాచుకున్న గ్లైకోజెన్ అడుగంటుతుంది. మా పేటకు వచ్చేసరికి వాళ్ల స్థితి అది.

ముందు వచ్చేవాళ్లు రివ్వున వెళ్లిపోతారు. వాళ్లకు మన చప్పట్లు వినిపిస్తాయో లేదో! తర్వాత జెండా పట్టుకుని మిగతావాళ్లకు వేగం చూపించే పేసర్లు, వాళ్ల వెనకే గుంపులు. చూడ్డానికి వచ్చిన జనం అంతటితో టిఫిన్లకు వెళ్లిపోతారు.

అసలు చూడాల్సింది ఆ తర్వాతే. ఎండెక్కుతుంది. పోలీసులు ఒక్కో వైపు రోడ్డు తెరుస్తుంటారు. అప్పుడు వస్తారు కాలు ఈడ్చుకుంటూ ఒకాయన, పిక్క పట్టేసి డివైడర్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డ ఒకమ్మాయి, నడకా పరుగూ కలిపి లాక్కొస్తున్న అరవై దాటిన పెద్దాయన. గెలుపు లెక్కలోకి వీళ్లు రారు. ఎవరూ బలవంతం చేయకపోయినా మానకుండా వస్తున్నారు. చప్పట్లు నిజంగా కావలసింది వీళ్లకే.

ఛాతీకి తగిలించుకున్న నంబరు కాగితం (బిబ్) మీద పేరుంటుంది. ఆ పేరు పెట్టి పిలవండి. వంగిన తల లేస్తుంది, నేను చూశాను. ‘అయిపోవచ్చింది’ అని మాత్రం అనకండి. కుంటుతున్న మనిషికి రెండు కిలోమీటర్లంటే అరగంట. ‘ఇంకా రెండు కిలోమీటర్లుంది అన్నా, ఆ చెట్టు దాకా నడిచి మళ్లీ అందుకో’ అని ఉన్నమాట చెప్పండి. ఉప్పు అద్దిన నారింజ తొనలు, ఉడికించిన ఆలుగడ్డ ముక్కలు, పల్లీపట్టీ పళ్లెంలో పెట్టి అందించండి. తొక్కలు కింద పడకుండా పక్కనే ఒక బుట్ట ఉంచండి. అలసిన కాలు ఇట్టే జారుతుంది.

2004లో మొదలైన ముంబయి మారథాన్‌లో పెడ్డర్ రోడ్డు చడావు దగ్గర అక్కడి ఇళ్లవాళ్లే పళ్లూ బిస్కెట్లూ పట్టుకుని నిలబడతారు. 1897 నుంచీ జరుగుతున్న బోస్టన్ పరుగులో, సగం దూరానికి కాస్త ముందు వెల్‌స్లీ కాలేజీ అమ్మాయిల కేకలు రన్నర్లకు ఎంతో దూరం నుంచే వినిపిస్తాయి. మన దగ్గర చాలామంది బాల్కనీలోంచి కాఫీ తాగుతూ చూస్తారు. వినాయక చవితికి చందాలు వేసుకుని, మంటపం కట్టి, రోజుల తరబడి వీధిలో గడిపే కాలనీలకు ఒక్క పొద్దు ఎంత? కిందికి దిగితే చాలు.

పిల్లల్నీ వెంట తీసుకురండి, అరవడంలో మనకన్నా వాళ్లే నయం. నారింజలు మాత్రం మొదట్లోనే అన్నీ పంచేయకండి. పది దాటాక కూడా మనుషులు వస్తూనే ఉంటారు.