మల్టీవిటమిన్ డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉంటే పాలు లేనట్టేనా?

ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురాలో తెలుగు కుటుంబాలకు ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, పక్కింటివాళ్లతో బెంగాలీ అలవాటే. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర వాళ్లు ఇక్కడికి పనికోసం వచ్చి స్థిరపడ్డారు. కానీ మందుల డబ్బా మీద ఉండేది మాత్రం చిన్న అక్షరాల ఇంగ్లిష్.

అలాంటి ఒక ఇంట్లో పాల అలర్జీ ఉన్న బిడ్డ ఉందనుకోండి. పాలు, పెరుగు మాన్పించాం కదా, విటమిన్లు తగ్గకూడదని డాక్టర్ మల్టీవిటమిన్ రాశారు. తల్లి మందుల షాపుకి వెళ్లి, 'ఎతె దుధ్ ఆఛే, దాదా?' అని అడుగుతుంది. షాపతను డబ్బా తిప్పి ఆకుపచ్చ చుక్క చూపించి 'వెజ్' అంటాడు. ఆమె నిశ్చింతగా ఇంటికి వస్తుంది.

ఆమె అడిగింది ఒకటి, ఆ చుక్క చెప్పేది మరొకటి. చుక్క చెప్పేది శాకాహారమా, కాదా అనేది మాత్రమే. పాలు శాకాహారమే. గోధుమ, సోయా, వేరుశనగ కూడా శాకాహారమే. వీగన్ గుర్తు ఉంటే పాల పదార్థాలు వాడలేదని తెలుస్తుంది కానీ, గోధుమ, సోయాల సంగతి అది కూడా చెప్పదు.

విటమిన్ బిళ్లలో పాలేంటి?

బిళ్లలో విటమిన్ల బరువు చాలా తక్కువ. బీ12 అయితే మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది. చేతికి అందే సైజులో బిళ్ల తయారవ్వాలంటే ఏదో ఒక పొడి కలపాలి. అందుకు ఎక్కువగా వాడేవాటిలో లాక్టోజ్ ఒకటి. అది పాల నుంచి తీసే చక్కెర. పిండిపదార్థం కలిపితే ఎక్కువగా మొక్కజొన్నది ఉంటుంది, కొన్నిట్లో గోధుమది కూడా ఉండొచ్చు. మెత్తటి క్యాప్సూల్ లోపల నూనె ఉంటుంది. అది సోయా నూనె కావచ్చు, వేరుశనగ నూనె కావచ్చు. వేరుశనగ నూనెను లేబుల్ మీద 'అరాచిస్ ఆయిల్' అని రాస్తే మన పల్లీనూనే అని ఎవరికి తడుతుంది? లెసిథిన్, అంటే ఐఎన్‌ఎస్ 322, చాలాసార్లు సోయా నుంచే వస్తుంది. సహజ విటమిన్ ఈ కూడా అంతే. ఒమేగా-3 కలిపిన రకాల్లో చేప నూనె, గ్లూకోసమిన్ కలిపినవాటిలో రొయ్యల, పీతల పెంకు ఉండే అవకాశం ఉంది.

ఇక్కడొక తేడా గమనించాలి. పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు అయ్యేవారికి సమస్య లాక్టోజ్ అరగకపోవడం. బిళ్లలో ఉండే కొద్దిపాటి లాక్టోజ్ వీరిలో చాలామందిని ఇబ్బంది పెట్టదు. పాల అలర్జీ వేరు. అది పాలలోని ప్రొటీన్ మీద శరీరం చేసే దాడి. మందుల్లో వాడే లాక్టోజ్‌లో ఆ ప్రొటీన్ జాడ మిగిలితే, తీవ్రమైన అలర్జీ ఉన్నవారికి అదే ప్రమాదం. రెండింటినీ 'పాలు పడవు' అనే ఒక్క మాటతో చెప్పేస్తాం. డాక్టర్‌కు, షాపతనికి ఏది ఉందో విడిగా చెప్పాలి.

ఇది ఆహారమా, మందా?

నా దృష్టిలో డబ్బా తిప్పగానే వెతకాల్సింది ఇదే. ఒకేలా కనిపించే రెండు మల్టీవిటమిన్లలో ఒకటి ఆహార చట్టం కింద, మరొకటి ఔషధ చట్టం కింద అమ్ముడవుతూ ఉండొచ్చు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబరు, 'మందుగా వాడరాదు' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం ఉంటే అది ఆహారం. అప్పుడు పదార్థాల జాబితా పూర్తిగా ఇవ్వాలి. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం 8 రకాల అలర్జీ కారకాలను 'కంటెయిన్స్' అంటూ విడిగా చెప్పాలి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు-పీతలు, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ-జీడిపప్పులాంటి గింజలు, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించిన సల్ఫైట్లు ఆ జాబితాలో ఉన్నాయి. వీటి నుంచి తీసిన నూనెలకు మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి 'కంటెయిన్స్' వరుస చూసి ఆగకుండా పదార్థాల జాబితాలో నూనె పేరు కూడా చూడాలి.

మందుగా అమ్మే పట్టీ మీద విటమిన్ల పేర్లు, మోతాదులు ఉంటాయి. మిగతా పొడులన్నీ తరచుగా 'ఎక్సిపియెంట్స్ క్యూ.ఎస్.' అనే రెండు మాటల్లో దాక్కుంటాయి. అలర్జీ వరుస లేదంటే అలర్జీ కారకాలు లేవని కాదు, చెప్పలేదని. అప్పుడు పట్టీ మీద ఉన్న కంపెనీ చిరునామాకు బ్యాచ్ నంబరుతో సహా రాసి అడగాలి. జవాబు కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి. తీవ్రమైన అలర్జీ ఉన్నవారు ఆ జవాబు వచ్చేదాకా ఆగడమే మంచిది.

మన వంటిళ్లను దృష్టిలో పెట్టుకుంటే ఆ 8 రకాల జాబితాలో ఒక వెలితి ఉంది. బెంగాలీ ఇంట్లో ఆవాలు, తెలుగు ఇంట్లో నువ్వులు లేకుండా రోజు గడవదు. రెండూ అందులో లేవు. యూరప్‌లో రెండింటినీ చెప్పాల్సిందే. అమెరికాలో 2023 నుంచి నువ్వులను చేర్చారు. ఇక్కడ నువ్వుల అలర్జీ ఉన్నవారు పదార్థాల జాబితాను తామే చదువుకోవాలి.

ఇంకో మాట. పాలు మానేసిన బిడ్డకు కాల్షియం రోజుకు వందల మిల్లీగ్రాముల్లో కావాలి. మామూలు మల్టీవిటమిన్‌లో అంత ఉండదు. దానికి విడిగా ఏం చేయాలో డాక్టర్‌నే అడగాలి.

బిళ్ల వేసుకున్నాక పెదవులు, ముఖం వాచినా, గొంతు పట్టేసినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు ముందు ఇవ్వాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్. ఇంట్లో ఉన్న అలర్జీ మాత్ర వేసి చూద్దామని ఆగకూడదు.

షాపులో నాలుగు బిళ్లలు కావాలంటే పట్టీని కత్తిరించి ఇస్తారు. తయారీ వివరాలు తరచుగా మిగిలిన ముక్క మీదే ఉండిపోతాయి. కత్తెర పెట్టకముందే పట్టీకి రెండు వైపులా ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తర్వాతిసారి అదే పేరుతో కొన్నా కొత్త పట్టీని ఆ ఫొటోతో పోల్చి చూడండి. తయారీలో వాడే పదార్థాలు మారినా డబ్బా రంగు మారదు.