కుండను బట్టి కుమ్మరి, జగత్తును బట్టి ఈశ్వరుడు

దేవుడున్నాడని ఎలా తెలుస్తుంది? భారతీయ దార్శనికులు ఈ ప్రశ్నను ప్రమాణాల చర్చగా నడిపారు. సరైన జ్ఞానం కలిగించే సాధనమే ప్రమాణం. చార్వాకులు ప్రత్యక్షాన్ని ఒక్కదాన్నే ఒప్పుకుని, కంటికి కనబడని పరలోకాన్ని కొట్టిపారేశారు. న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులకు ప్రమాణాలు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కొండ మీద పొగ చూసి నిప్పుందని తెలుసుకోవడం అనుమానం. నమ్మదగినవారి మాట, వేదవాక్యం శబ్దం కిందికి వస్తాయి.

ఈశ్వరుణ్ణి అనుమానంతోనే నిరూపించవచ్చని 10-11 శతాబ్దాల నాటి నైయాయికుడు ఉదయనుడు ‘న్యాయకుసుమాంజలి’లో వాదించాడు. కుండ ఒకప్పుడు లేదు, తర్వాత పుట్టింది. దాన్ని చేసిన కుమ్మరి ఉన్నాడు. భూమి, మొలక కూడా అలా పుట్టినవే కాబట్టి వాటికీ తెలివైన కర్త ఉండాలి. కుండలు చేసేవాళ్లను చూశాం గనుక కుండకు కర్తను ఊహిస్తాం, కొండ విషయంలో ఆ అనుభవం ఎవరికుందని బౌద్ధులు ఎదురడిగారు. వాళ్లు అడగడంలో వింత లేదు.

వింతల్లా రామానుజులది. విష్ణుభక్తికి అంత బలమైన తాత్త్విక పునాది వేసిన ఆ ఆచార్యుడే, బ్రహ్మసూత్రాల్లో మూడోదానికి శ్రీభాష్యం రాస్తూ ఈ రుజువును ముక్కలు చేశారు. కొండలు, సముద్రాలు అన్నీ ఒకేసారి, ఒక్కడి చేతిలోనే తయారయ్యాయనడానికి ఆధారమేమిటి? వేర్వేరు కాలాల్లో వేర్వేరు కర్తలు చేసి ఉండవచ్చు కదా. పైగా మనం చూసిన ప్రతి కర్తకూ శరీరం ఉంది, శక్తికి హద్దు ఉంది. పోలికను చివరిదాకా లాగితే తేలేది సర్వశక్తిమంతుడు కాదు, మరో కుమ్మరి. అందుకే బ్రహ్మాన్ని తెలిపేది శాస్త్రం, అంటే వేదం ఒక్కటేనని రామానుజులు తేల్చారు. నాస్తికుల విమర్శకన్నా ఇదే పదునైనదనిపిస్తుంది.

మరి శాస్త్రానికి ప్రమాణమేది? మాటలో దోషం చెప్పేవాడి నుంచి వస్తుంది, వేదానికి కర్తే లేడు గనుక దోషానికి తావులేదన్నాడు 7వ శతాబ్దపు మీమాంసకుడు కుమారిలభట్టు. వేదాన్ని అంతగా నమ్మిన ఆయనకు సృష్టికర్తతో పని పడలేదు. నైయాయికులకు ఈ వెసులుబాటు లేదు. వాళ్ల దృష్టిలో వేదం నమ్మదగినది కావడానికి కారణం దాన్ని చెప్పినవాడు ఈశ్వరుడు కావడమే. ఈశ్వరుడికి వేదాన్నే సాక్ష్యంగా చూపితే, వేదానికి ఈశ్వరుడు, ఈశ్వరుడికి వేదం పూచీ పడ్డట్టవుతుంది. ఎన్ని దెబ్బలు తగిలినా ఉదయనుడి సంప్రదాయం కుమ్మరి వాదాన్ని వదలకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.